గుర్రపుడెక్కలో కొరమీను: రబ్బరు కప్పతో గాలం వేయడం ఎలా

అమెరికాలో బాస్ చేప కోసం పుట్టిన రాడ్లు, రీళ్లు, రబ్బరు కప్పలు ఇప్పుడు తిరుపతిలో కూర్చుని ఫోన్లో ఆర్డరు పెడితే ఇంటికి వచ్చేస్తున్నాయి. బాస్ మన చెరువుల చేప కాదు. కానీ ఆ సామానుకు సరిగ్గా సరిపోయే చేప మన దగ్గర ఉంది, అదే కొరమీను. రెండూ పొంచి ఉండి మీద పడేవే. రెండూ ఆకు నీడ, గడ్డి నీడ వదిలి దూరం పోనివే.

అయితే బాస్ వీడియోలు చూసి నేర్చుకున్నదంతా ఇక్కడ నడవదు. బాస్ నోరు బార్లా తెరిచి నీళ్లతో సహా ఎరను లోపలికి పీల్చేస్తుంది. కొరమీను ముందు పళ్లతో కరిచి పట్టుకుంటుంది, నోట్లో సర్దుకుంటుంది, అప్పుడు నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు ఎగసిన క్షణంలోనే రాడ్ లాగేస్తే కప్ప ఒక్కటే గాల్లోకి ఎగిరి మీ ముఖం మీదికి వస్తుంది. ఈ రెండు సెకన్ల సంగతి కింద వివరంగా ఉంది.

ఇంకో మాట ముందే చెప్పుకోవాలి. సామాను కొనేటప్పుడు అందరూ "ఎన్ని కిలోల చేప పడుతుంది?" అని అడుగుతారు. మన చెరువుల్లో అడగాల్సింది "ఎన్ని కిలోల ఆకు లాగుతుంది?" అని. కిలోన్నర కొరమీను గాలానికి పడగానే గుర్రపుడెక్క వేళ్లలోకి దూరి మెలి తిరుగుతుంది. బయటికి వచ్చేటప్పుడు దానికంటే రెండింతల బరువు ఆకు, వేళ్లు, బురద కలిసి వస్తాయి. రాడ్, దారం, ముడి, గాలపు ముల్లు అన్నీ ఆ బరువుకే సరిపోవాలి.

ముందు చెరువు, తర్వాతే గాలం

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో చాలా చెరువుల మీద చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానికో, వేలంలో పాడుకున్నవారికో ఉంటుంది. నీళ్లు ఊరందరివే, చేపలు మాత్రం పాడుకున్నవారివి. ముందు రోజే ఊళ్లోకి వెళ్లి పెద్దమనిషిని "ఈ చెరువు ఎవరు పాడుకున్నారన్నా?" అని అడగండి. వాళ్లను కలిసి గాలం వేసుకుంటామని చెప్పండి. పట్టింది తీసుకుపోతారా, వదిలేస్తారా అన్నది కూడా అక్కడే తేల్చుకోండి. కొరమీను బతికుంటే మంచి ధర పలికే చేప, కాబట్టి ఆ మాట తేలకుండా నీళ్లలో గాలం వేయకూడదు.

తలకోన నీళ్లు, శేషాచలం మడుగులు శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలోవి, అక్కడ గాలం వేయకూడదు. కల్యాణి డ్యామ్ తిరుపతి, తిరుమలలకు తాగునీరు ఇచ్చే చోటు, అధికారుల అనుమతి లేకుండా అటు పోవద్దు. గుడి కోనేళ్లు, కపిలతీర్థం లాంటి చోట్ల అసలు ఆ ఆలోచనే వద్దు.

ఇక కాలం. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. చెరువులు నిండి మరువ పారే రోజుల్లో నీళ్లు ఎర్రగా ఉంటాయి, చేపలు కయ్యల్లోకి, కాలువల్లోకి చెదిరిపోతాయి. రబ్బరు కప్పకు ఆ రోజులు అంత మంచివి కావు. నీళ్లు తేటపడి, అంచుల్లో ఆకు పరుచుకుని, చెరువు మెల్లగా తగ్గడం మొదలయ్యే జనవరి చివర నుంచి మార్చి దాకా చాలా బాగుంటుంది. ఏప్రిల్, మేలలో నీళ్లు తూము దగ్గరి గుంటలోకి ముడుచుకుంటాయి, కాబట్టి చేప ఎక్కడుందో వెతకనక్కర్లేదు. ఎండ మాత్రం మనిషిని నిలబడనివ్వదు. తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించాలి, లేదంటే సాయంత్రం ఐదు తర్వాత రావాలి. మబ్బు పట్టిన రోజున పగలంతా వేయవచ్చు.

రాడ్, రీలు

రాడ్ పొడవు ఆరున్నర నుంచి ఏడు అడుగులు ఉండాలి. పిడి పైన రాసి ఉన్నదాంట్లో మీడియం హెవీ, ఫాస్ట్ అన్న రెండు మాటలు వెతకండి. మీడియం హెవీ అంటే బరువు లాగే గట్టిదనం ఉన్నది. ఫాస్ట్ అంటే కొన మాత్రమే వంగి, కింది రెండు వంతులు గట్టిగా నిలబడేది. కప్పను కొనతో ఆడిస్తారు, చేపను కింది భాగంతో లాగుతారు. మొత్తం విల్లులా వంగే మెత్తటి రాడ్ జిలేబి చేపకు, రాగండికి హాయిగా ఉంటుంది. కొరమీను చేతిలో అది ఓడిపోతుంది. మీరు లాగిన బలమంతా రాడ్ వంగడానికే సరిపోతుంది, ముల్లు దాని దవడలో దిగదు. కొరమీను దవడ గట్టి ఎముక అని గుర్తుంచుకోండి.

రెండు ముక్కలుగా విడిపోయే రాడ్ బస్సులో, బైకు మీద తీసుకెళ్లడానికి సులువు. అతుకు దగ్గర ఇసుక పడితే కిర్రుమంటూ వదులవుతుంది. బిగించే ముందు పొడి గుడ్డతో రెండు కొనలూ తుడవండి.

రీలు రెండు రకాలు. కొత్తవారు స్పిన్నింగ్ రీలుతో, అంటే రాడ్ కింద వేలాడే రకంతో మొదలుపెట్టడమే మంచిది. 3000 లేదా 4000 సైజు చాలు. చేయి తిరిగాక బెయిట్‌కాస్టర్‌కు, అంటే రాడ్ పైన కూర్చుని, విసిరినప్పుడు దారపు చక్రమే తిరిగే రకానికి మారవచ్చు. దానికి ఆకు లోంచి లాగే బలం ఎక్కువ, బొటనవేలితో కప్పను అనుకున్న జాగాలో దించవచ్చు. గేరు నిష్పత్తి, అంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే దారపు చక్రం ఎన్నిసార్లు తిరుగుతుందన్న లెక్క, ఏడుకు ఒకటి దగ్గర ఉన్నది తీసుకోండి. ఒక్క తిప్పుకు సుమారు 70 సెంటీమీటర్ల దారం లోపలికి రావాలి. చేప మీ వైపే పరుగెత్తి వచ్చినప్పుడు దారం సడలకుండా ఉండాలంటే ఆ వేగం కావాలి. డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగినప్పుడు దారాన్ని బిగువుగా వదిలే బ్రేకు, కనీసం ఐదు కిలోలు పట్టేది ఉండాలి.

దారం మీద పిసినారితనం వద్దు

నైలాన్ దారం సాగుతుంది. 30 మీటర్ల దూరంలో కాటు పడినప్పుడు మీరు ఎంత గట్టిగా లాగినా ఆ సాగుడులోనే సగం బలం పోతుంది. అందుకని అల్లిన దారం, అంటే బ్రెయిడ్ వాడాలి. 40 నుంచి 50 పౌండ్ల బరువు తట్టుకునేది తీసుకోండి. బెయిట్‌కాస్టర్‌లో 30 పౌండ్ల కంటే సన్నది ఎక్కిస్తే లాగుడుకు పై చుట్టు కింది చుట్లలోకి దిగబడిపోతుంది, మరుసటి విసురులో అక్కడే పట్టేసి కప్ప తెగి ఎగిరిపోతుంది. ఆకు దట్టంగా ఉన్నచోట నాలుగు పోగుల బ్రెయిడ్ మేలు. కాస్త గరుకుగా ఉండి కాడలను కోస్తుంది. ఎనిమిది పోగులది నున్నగా దూరం పోతుంది కానీ రాయికి, ముల్లుకు తొందరగా పోగు లేస్తుంది.

ఎక్కించేటప్పుడు బ్రెయిడ్‌ను నేరుగా స్పూలుకు, అంటే దారపు చక్రానికి కట్టకండి. ముందు ఎనిమిది, పది మీటర్ల మామూలు నైలాన్ చుట్టి, దానికి బ్రెయిడ్ కట్టండి. లేకపోతే దారపు కట్ట మొత్తం స్పూలు మీద గుండ్రంగా జారుతూ ఉంటుంది. "డ్రాగ్ ఎంత బిగించినా దారం వదులుతోంది" అని రీలును తప్పుపట్టేవారిలో చాలామంది దగ్గర అసలు లోపం ఇదే. ఎక్కిస్తున్నంతసేపూ దారాన్ని తడిగుడ్డలో నొక్కి పట్టి, బిగువుగా చుట్టాలి. స్పూలు అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఆపండి.

ఆకులో లీడర్, అంటే దారానికీ కప్పకూ మధ్య కట్టే విడి దారం ముక్క అవసరం లేదు. బ్రెయిడ్‌నే నేరుగా కప్పకు కట్టండి. తేట నీళ్లలో, రాళ్ల మీద వేసేటప్పుడు మాత్రం 30, 40 పౌండ్ల నైలాన్ ఒక మూర కలపవచ్చు. ఫ్లోరోకార్బన్ మునిగే దారం, తేలే కప్ప ముక్కును కిందికి లాగుతుంది, కాబట్టి దాన్ని ఇక్కడ వాడవద్దు.

ముడికి పాలోమర్ ఒక్కటి నేర్చుకుంటే చాలు. దారం కొనను 25 సెంటీమీటర్ల మేర రెండు పేటలుగా మడవండి. ఆ మడతను కప్ప ముక్కు దగ్గరి రింగులోంచి దూర్చండి. రెండు పేటలతో కలిపి మామూలు ముడి వదులుగా వేయండి, బిగించవద్దు. ఇప్పుడు మడత చివరున్న ఉచ్చును వెడల్పు చేసి, మొత్తం కప్పను కాళ్లతో సహా అందులోంచి దాటించండి. మడత పొడవు తక్కువైతే కప్ప పట్టదు, అందుకే 25 సెంటీమీటర్లు. ఉమ్మితో తడిపి, రెండు పేటలూ సమానంగా పట్టి మెల్లగా బిగించండి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి పోగులు కాలి బలహీనమవుతాయి. తోకను అర సెంటీమీటరు వదిలి కత్తిరించండి. ప్రతి చేప తర్వాత చివరి అర మీటరు దారాన్ని వేళ్ల మధ్య జార్చి చూడండి. నూగుగా తగిలితే ఆ ముక్క తెంచి మళ్లీ కట్టండి. అడవితుమ్మ ముల్లుకు ఒక్కసారి రాసుకున్నా చాలు, దారం నూగు లేస్తుంది.

కప్పను కొన్నది కొన్నట్టు వాడకండి

లోపల బోలుగా ఉండే రబ్బరు కప్ప, వీపు మీద రెండు ముళ్లు పడుకుని ఉండే రకం కావాలి. బరువు 10 నుంచి 15 గ్రాములు. ముళ్లు ఒంటికి ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆకు మీద జారిపోతుంది. చేప కరిచినప్పుడు ఒళ్లు నొక్కుకుపోయి ముళ్లు పైకి లేస్తాయి. తోక వెనక మూడు ముళ్ల గాలం వేలాడే రకాలు అంగళ్లలో చాలా కనిపిస్తాయి. గుర్రపుడెక్కలో అవి రెండు గజాలు కూడా కదలవు.

మొదటి పని, కప్పను బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి చూడండి. సులువుగా నొక్కుకుపోయి ముళ్లు రెండూ బయటికి రావాలి. గట్టిగా ఉంటే కాసేపు గోరువెచ్చని నీళ్లలో వేసి పిసకండి. అప్పటికీ మెత్తబడకపోతే అది అల్మరాలో పెట్టుకోవడానికే.

రెండో పని, ముక్కు పటకారుతో ఒక్కో ముల్లునూ బయటికి రెండు మూడు మిల్లీమీటర్లు వంచండి. కప్పను పైనుంచి చూస్తే ముల్లు మొన ఒంటి అంచుకు కాస్త అవతల కనిపించాలి. ఇంతకంటే వంచితే ప్రతి కాడకూ తగులుకుంటుంది. వంచేటప్పుడు ఒక్క ఊపున కాకుండా మెల్లగా నొక్కండి, లేదంటే ఇనుము చిట్లుతుంది. మొన పదును చూడటానికి బొటనవేలి గోరు మీద ఏటవాలుగా ఆనించి లాగండి. జారితే ఆకురాయి మీద నాలుగైదు సార్లు సాన పట్టండి. గోరులో దిగి నిలబడితే సరే.

మూడో పని కాళ్లు. కుచ్చులాంటి రబ్బరు పీచు కాళ్లు కొత్తప్పుడు మరీ పొడవుగా వస్తాయి. కొరమీను వెనకనుంచి కాళ్లను కొరికి వదిలేస్తుంటే, పొడవును నాలుగు సెంటీమీటర్లకు కత్తిరించండి. కాటు ఒళ్లంతటికీ పడుతుంది, కప్ప అటూ ఇటూ తిరగడమూ తేలికవుతుంది.

నాలుగోది, నీళ్లు చేరడం. ముక్కు దగ్గర ఇనుప తీగ దూరే రంధ్రంలోంచి నీళ్లు లోపలికి పోతాయి. పది విసుర్లకు ఒకసారి నొక్కి పిండెయ్యండి. లోపల నీళ్లుంటే కప్ప మునుగుతుంది, కరిచినప్పుడు నొక్కుకోదు, ముల్లు లేవదు. ముక్కు దగ్గర ఒక చుక్క జిగురు వేసి ఒక రాత్రి ఆరనిస్తే చాలావరకు ఆగుతుంది. తోక వైపు రంధ్రం మాత్రం మూయకండి, పిండిన నీళ్లు పోవడానికి దారి ఉండాలి.

రంగు గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు. చేప కిందనుంచి పొట్టను, నీడను చూస్తుంది. తెల్లవారుజామున, మబ్బులో నల్లది, ఎండలో తెల్లపొట్ట లేదా పసుపుపొట్టది. రెండు రంగులు జేబులో ఉంటే చాలు. ప్రాణమున్న కప్పలను గాలానికి గుచ్చే అలవాటు మన ఊళ్లలో ఉంది. రబ్బరు కప్ప అదే పని అంతకంటే బాగా చేస్తున్నప్పుడు ఆ హింస అవసరం లేదు.

బ్రేకు, విసురు

బెయిట్‌కాస్టర్ వాడేవారు చెరువు దగ్గరకు రాకముందే ఇంటి ముందు ఖాళీ జాగాలో ఒక గంట అభ్యాసం చేయండి. ముళ్లకు చిన్న గొట్టం ముక్క తొడగండి. కప్పను రాడ్ కొన నుంచి ఒక జానెడు కిందికి వేలాడదీసి, దారం వదిలే బటను నొక్కండి. పక్కన ఉన్న చిన్న మరను బిగిస్తూ, కప్ప మెల్లగా నేలకు దిగి, నేల తాకగానే స్పూలు తిరగడం ఆగిపోయేలా సర్దండి. అంకెలు రాసి ఉన్న రెండో బ్రేకు పదిలో ఏడు మీద పెట్టండి. చేయి కుదిరే కొద్దీ ఒక్కో అంకె తగ్గిస్తూ పోవచ్చు.

విసురులో చేయి కంటే బొటనవేలు ముఖ్యం. కప్ప నీళ్లు తాకే అర క్షణం ముందు వేలితో స్పూలును నొక్కాలి. మరిచిపోతే స్పూలు తిరుగుతూనే ఉంటుంది, దారం పిట్టగూడు అవుతుంది. ఎదురుగాలికి విసిరినా అంతే. చిక్కు పడితే దారం పట్టి గుంజకండి. బొటనవేలితో స్పూలును గట్టిగా అదిమి, హ్యాండిల్‌ను రెండు తిప్పులు తిప్పి, ఆ తర్వాత మెల్లగా దారం లాగండి. చాలా చిక్కులు అలాగే విడిపోతాయి. స్పిన్నింగ్ రీలుకు ఈ బాధ లేదు. కాకపోతే కప్ప నీళ్లలో పడ్డాక రీలు మీది మడత తీగను చేత్తోనే మూసి, సడలిన దారం ఒకసారి లాగి బిగించాకే తిప్పడం మొదలుపెట్టాలి.

విసిరే ముందు తలెత్తి చూడండి. చెరువు కట్టల పక్కన మోటార్లకు పోయే కరెంటు తీగలు ఉంటాయి. కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది. ఏడడుగుల రాడ్‌ను తలపైకి ఎత్తితే చాలా పైకి అందుతుంది. తీగ కింద విసరకూడదు, తీగ కింద రాడ్ నిలువుగా పట్టుకుని నడవకూడదు. ఉరుము వినబడగానే రాడ్ కింద పెట్టి చెరువు వదిలి వెళ్లిపోవాలి.

చేప ఎక్కడుంటుంది

మన చెరువు అమరికను చదవడం వస్తే సగం పని అయినట్టే. కట్ట వైపు లోతు, రాతి పరుపు. ఎదురు అంచున నీళ్లు పలచబడి జమ్ము, తుంగ మొలుస్తాయి. మధ్యలో పాతకాలం నాటిన తుమ్మచెట్లు నీళ్లలో నిలబడి ఉంటాయి. కొరమీను మెరక అంచున ఉంటుంది, మోకాలి లోతు నుంచి నడుము లోతు దాకా. గుర్రపుడెక్క పరుపు మధ్యలో పళ్లెమంత ఖాళీ నీళ్లు కనిపిస్తే అదే మొదటి గురి. తర్వాత ఆకు అంచు లోపలికి వంపు తిరిగినచోట, తుమ్మ మొదలు నీడ, తూము పక్క రాళ్ల సందు.

కొరమీను గాలి పీల్చే చేప. కొన్ని నిమిషాలకు ఒకసారి పైకి రాకుండా ఉండలేదు. ఎండ నెత్తిమీద ఉండి ఏదీ కదలనప్పుడు కూడా ఈ ఒక్కటి దాన్ని పట్టిస్తుంది. గట్టున నీడ మీద పడకుండా కూర్చుని పదిహేను నిమిషాలు ఊరికే చూడండి. గుటుక్కుమని చిన్న చప్పుడు, ఒక సుడి, నాలుగు బుడగలు. ఆ చోటును ఒక కాడ గుర్తుగా పెట్టుకుని మనసులో ముద్ర వేసుకోండి. వెంటనే దాని నెత్తిన విసరకండి. రెండు మూడు మీటర్లు అవతల వేసి, ఆ చోటు మీదుగా కప్పను రానివ్వాలి.

గట్టు మీద అడుగులు మెత్తగా వేయండి. నేల అదురు నీళ్లలోకి పోతుంది. జమ్ములో దిగాల్సివస్తే మోకాళ్ల దాకా బూట్లు ఉండాలి, ముందు కర్రతో తట్టాలి. నాగుపాము, రక్తపింజరి రెండూ మన కట్టల మీద తిరిగేవే. స్వర్ణముఖి ఏటిలో గాలం వేసేవారికి ఇంకో హెచ్చరిక: ఇసుక తవ్విన గుంతలు పైకి తెలియవు. నీళ్లలోకి దిగకుండా గట్టు నుంచే విసరండి. పెద్ద వానల తర్వాత కట్ట వెలుపలి వైపు నీరు ఊరుతున్నట్టు కనిపిస్తే చేపల సంగతి వదిలేసి వెంటనే ఊళ్లో చెప్పండి. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకు పడినప్పుడు దిగువ ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది.

కప్పను నడిపించడం, కాటు, రెండు సెకన్లు

కప్ప ఆకు మీద పడ్డాక వెంటనే లాగకండి. అలలు చదునయ్యే దాకా ఆగండి, మూడు నాలుగు సెకన్లు. రాడ్ కొన కిందికి, నీళ్ల వైపు ఉంచండి. మణికట్టుతో చిన్న కుదుపు, వెంటనే సడలింపు, మళ్లీ కుదుపు. సడలింపు లేకుండా లాగితే కప్ప తిన్నగా పడవలా వస్తుంది. సడలిస్తేనే ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి తల తిప్పుతుంది. పరుపు మీద త్వరగా రండి. ఖాళీ నీళ్ల పళ్లెం రాగానే ఆపండి, అక్కడే ఐదు సెకన్లు కూర్చోబెట్టండి. ఎక్కువ కాట్లు కదులుతున్నప్పుడు కాదు, ఆగిన చోట పడతాయి. డిసెంబరు, జనవరి చలి పొద్దుల్లో ఈ ఆగుడును పది సెకన్లకు పెంచండి.

ఇక ఆ క్షణం. నీళ్లు ఒక్కసారిగా పగులుతాయి. గుండె దడదడలాడుతుంది, చేయి తనంతట తానే పైకి లేస్తుంది. దాన్ని ఆపడమే ఈ విద్యలో కష్టమైన పని. కప్ప కనబడుతోందా చూడండి. కనబడుతుంటే అది కరవలేదు, తోసింది అంతే. కప్పను అక్కడే ఉంచి చిన్నగా వణికించండి. కప్ప మాయమైతే రాడ్ కొనను చేప వైపు దించండి, రెండు తిప్పులు తిప్పి సడలింత తీయండి, దారం బరువెక్కినట్టు చేతికి తెలియగానే నడుము నుంచి తిరుగుతూ రాడ్‌ను నిలువుగా, ఒకే ఊపున లేపండి. ఈ మొత్తానికి ఒకటిన్నర, రెండు సెకన్లు పడుతుంది. మూడు దాటితే అది వేళ్లలోకి దూరిపోతుంది.

తప్పిపోయిన చేప మీద వెంటనే పదిసార్లు విసరకండి. ఒకటి రెండు ప్రయత్నాల తర్వాత పది నిమిషాలు వదిలి, రంగు మార్చి, ఇంకో దిక్కు నుంచి రండి. మూడు కాట్లు వరసగా జారితే లోపం చేపలో లేదు. కప్పలో నీళ్లున్నాయా, ముల్లు మొద్దుబారిందా, కాళ్లు పొడవా, ఈ వరసలోనే చూడండి.

బయటికి లాగడం

ఆకు మీద వేసేటప్పుడు డ్రాగ్ దాదాపు పూర్తిగా బిగించి ఉండాలి. లగేజీ తూచే చేతి త్రాసుకు దారం కట్టి లాగి చూడండి, నాలుగు కిలోల దగ్గర జారాలి. ముల్లు దిగగానే రాడ్ పైకి, చేప తల పైకి. ఆపి ఆపి కాకుండా ఆగకుండా తిప్పండి. దాని తల ఆకు మీదికి వస్తే పరుపు మీద జారుతూ వచ్చేస్తుంది. తల కిందికి పోతే వేళ్లు చుట్టేసుకుంటుంది. అలా చుట్టుకున్నప్పుడు రాడ్‌తో గుంజితే రాడ్ విరుగుతుంది. రాడ్‌ను దారం దిక్కుగా తిన్నగా పెట్టి, చేతికి తువ్వాలు చుట్టుకుని దారాన్ని పట్టి మెల్లగా, ఒకే బరువుతో లాగండి. ఉట్టి చేతికి బ్రెయిడ్ ఎప్పుడూ చుట్టుకోవద్దు, కత్తిలా కోస్తుంది.

గట్టు దగ్గరకు వచ్చాక డ్రాగ్ కాస్త వదులు చేయండి. చివరి నిమిషంలో అది కాళ్ల దగ్గర మెలి తిరుగుతుంది. రాడ్ నిలువు గీత దాటి వెనక్కి వంగేలా ఎత్తి చేపను గాల్లో లేపకండి, పై మూడోవంతు దగ్గర పుటుక్కుమంటుంది. దారం పట్టి, లేదా వలగరిటెతో పైకి తీయండి. నీటికి మూడు మీటర్ల దూరం గట్టు మీదికి తీసుకెళ్లాకే ముల్లు తీయాలి. కొరమీను నేల మీద పాకుతూ నీళ్లలోకి తిరిగి పోగలదు.

దాని నోట్లో వేలు పెట్టకండి, పళ్లు ఉన్నాయి. దవడ పట్టే క్లిప్పుతో పట్టుకుని, 20 సెంటీమీటర్ల పొడవు ముక్కున్న పటకారుతో ముళ్లను వచ్చిన దారినే వెనక్కి తిప్పండి. వదిలేసేదైతే చేతులు తడుపుకుని పట్టండి. పొడి చేతికి, పొడి గుడ్డకు దాని ఒంటి జిగట ఊడిపోతే తర్వాత పుండ్లు పడతాయి. తాబేలు తగులుకుంటే తెంచి వదిలేయడం కాదు, ముల్లు తీసి వదలండి. మన చెరువు తాబేళ్లను చట్టం కాపాడుతోంది. తెగిన దారం ముక్క ఒక్కటి కూడా గట్టున ఉండకూడదు. కొంగల కాళ్లకు చుట్టుకుంటే అవి మెల్లగా ఆకలితో చస్తాయి.

ఎర్రపిల్లలు కనిపిస్తే

వానల్లో నీటి పైన గంపెడంత వెడల్పున ఎర్రగా మసులుతూ కదిలే గుంపు కనిపిస్తుంది. దూరం నుంచి చూస్తే కుంకుమ చల్లినట్టు, వాన చినుకులు అక్కడే పడుతున్నట్టు ఉంటుంది. అవి కొరమీను పిల్లలు. వాటి కిందే పెద్ద చేప కాపలా ఉంటుంది. ఆ గుంపు మీద కప్ప వేస్తే తప్పక కొడుతుంది, కానీ ఆకలికి కాదు, పిల్లల మీదికి వచ్చినదాన్ని తరమడానికి. అందుకే అది చాలా తేలికగా దొరికిపోతుంది, అందుకే దాన్ని పట్టకూడదు. కాపలా పోయిందంటే జిలేబి చేపలు, ఇతర చేపలు ఆ పిల్లలను మేసేస్తాయి. ఒక చేప కోసం వందల పిల్లలు పోతాయి. గుంపు కనిపించిన చోటు నుంచి ముప్పై అడుగులు జరిగి, వేరే దిక్కుకు వేసుకోండి. పక్కవారు వేస్తుంటే మంచి మాటతో చెప్పండి, చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఇంటికొచ్చాక

రీలును కుళాయి కింద ధారగా కడగకండి, గ్రీసు కొట్టుకుపోతుంది. తడిగుడ్డతో తుడిచి, డ్రాగ్ పూర్తిగా వదులు చేసి పెట్టండి. బిగించి వదిలేస్తే లోపలి బిళ్లలు అణిగిపోయి మరుసటి వారం కుదుపులతో జారుతుంది. రాడ్ రింగుల లోపలి అంచుల్లో దూది తిప్పండి. పోగు చిక్కితే అక్కడ పగులుంది, బ్రెయిడ్‌ను అదే కోస్తోంది. కప్పలను పిండి, కాళ్లు సాఫుగా పరిచి నీడలో ఆరబెట్టండి. మెత్తటి ప్లాస్టిక్ పురుగు ఎరలతో కలిపి ఒకే పెట్టెలో వేస్తే రెండూ కరిగి అంటుకుంటాయి. మే నెల తిరుపతి ఎండలో మూసిన కారులో వదిలిన కప్ప సాయంత్రానికి ఒక పక్కకు వంగిపోయి ఉంటుంది. అలా వంగినదాన్ని వేడినీళ్లలో అర నిమిషం ఉంచి, చేత్తో సరిచేసి, చన్నీళ్లలో వేస్తే చాలాసార్లు మళ్లీ తిన్నగా నిలబడుతుంది.